విమానం కిటికీలోంచి బాతుల లెక్క

ఉత్తర ధ్రువానికి దగ్గరగా, చెట్టు మొలవని టండ్రా నేలల మీద వేసవిలో గూళ్లు పెట్టుకునే నీటిపక్షులను చిన్న విమానాల్లోంచి ఏటేటా లెక్కిస్తారని పోయిన నెల ఈ శీర్షికలో ఒక జవాబు మధ్యలో రాశాను. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని ఇంతమంది పాఠకులు ఉత్తరాలు రాస్తారని అనుకోలేదు. అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలను పక్కన పెట్టి, వాటికే జవాబులు ఇస్తున్నాను.

మా పక్కనే ఉన్న తేలినీలాపురానికి సైబీరియా పక్షులు వస్తాయని చిన్నప్పటి నుంచి వింటున్నాం, బడిలో పిల్లలకూ అదే చెబుతున్నాం. అక్కడ విమానాల్లోంచి లెక్కించేది ఈ పక్షులనేనా? (ఒక ఉపాధ్యాయురాలు, టెక్కలి)

కాదండీ. తేలినీలాపురం చింతచెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు రెండూ దక్షిణాసియా పక్షులే. అవి సైబీరియా నుంచి వస్తాయన్న మాట శ్రీకాకుళం జిల్లాలో ఎంత బలంగా నాటుకుపోయిందో నాకు తెలుసు. ఆ ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటున్నారు కాబట్టి ఈ మాట చెప్పడానికి కొంచెం సంకోచంగానే ఉంది, కానీ బడిపిల్లలకు సరైన సంగతే తెలియాలి. గుర్తుపెట్టుకోవడానికి ఒక సులువైన ఆధారం ఉంది. చలికాలం గడపడానికి ఉత్తరాది నుంచి వచ్చే పక్షి ఇక్కడ గూడు కట్టదు. అది తిండి కోసం వస్తుంది, ఎండలు ముదరకముందే వెళ్లిపోయి తన పుట్టినచోట గుడ్లు పెడుతుంది. మీ ఊళ్లో గూడు కట్టి, పిల్లల్ని లేపి, వాటికి చేపలు మేపుతున్నదంటే అది మన నేల పక్షే.

టండ్రాకూ మనకూ నిజమైన చుట్టరికం వేరే పక్షులతో ఉంది. చలికాలంలో కొల్లేరులో, పులికాట్‌లో గుంపులుగా దిగే సూదితోక బాతులు ఉత్తరాన రష్యాలో గుడ్లు పెట్టే జాతి. పులికాట్ బురదలో, కోరింగ తీరంలో గబగబా పొడుచుకు తింటూ పరుగెత్తే పిడికెడంత ఉల్లంకి పిట్టల్లో కొన్ని జాతులు అచ్చంగా ఆర్కిటిక్ టండ్రాలోనే పిల్లల్ని చేస్తాయి. మీ పిల్లలకు చూపించవలసిన సైబీరియా పక్షులు అవి.

గంటకు వందల కిలోమీటర్ల వేగంతో పోయే విమానంలోంచి ఒక బాతును చూడడమే కష్టం కదా, అది ఏ జాతో, ఆడదో మగదో ఎలా చెబుతారు? (ఒక పాఠకుడు, కైకలూరు)

కైకలూరు నుంచి వచ్చిన ప్రశ్న కాబట్టి ఆటపాకతో మొదలుపెడతాను. అక్కడ ఇనుప మంచెల మీద గూడబాతుల గూళ్లు పక్కపక్కనే ఉంటాయి. గట్టు మీద నిలబడి, దుర్భిణీ పెట్టుకుని, ఓపికగా లెక్కపెట్టవచ్చు. టండ్రాలో బాతులు ఇలా ఒకచోట చేరవు. కొన్ని చదరపు కిలోమీటర్లకు ఒక జత చొప్పున, ఒక్కో చిన్న నీటిమడుగు పక్కన ఒక్కో గూడుగా చెదిరిపోయి ఉంటాయి. దారులు లేవు, కాలు పెడితే దిగబడే బురద, పైగా వేలకొద్దీ చెరువులు. అక్కడ నడిచి లెక్కపెట్టడం జరిగే పని కాదు.

నాకు వివరంగా తెలిసిన ఉదాహరణ అమెరికాలోని అలాస్కా ఉత్తరపు అంచున, ఆర్కిటిక్ మహాసముద్రాన్ని ఆనుకుని ఉన్న తీరమైదానం. విస్తీర్ణం సుమారు 57 వేల చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణలో సగం. అడుగున నేల ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది కాబట్టి కరిగిన మంచునీరు లోపలికి ఇంకదు. అందుకే పైనుంచి చూస్తే ఎటు చూసినా నీళ్లే మెరుస్తాయి. అమెరికా ప్రభుత్వ మత్స్య, వన్యప్రాణి విభాగం 1986 నుంచి ఇక్కడ ఏటా విమాన సర్వే చేస్తూ వచ్చింది. ఐడర్ అనే సముద్రపు బాతుల కోసం 1992లో మరో సర్వే మొదలుపెట్టి, 2007లో రెంటినీ కలిపి ఒకటి చేశారు.

విమానం సెస్నా 206 రకానిది, నీటి మీద కూడా దిగడానికి వీలుగా కింద పడవల్లాంటి ఫ్లోట్లు బిగించినది. తూర్పు పడమరలుగా గీసిన సమాంతర రేఖల మీద, నేలకు దాదాపు 38 మీటర్ల ఎత్తున, గంటకు 176 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఎడమ పక్క పైలట్, కుడి పక్క ఇంకొక పరిశీలకుడు కూర్చుంటారు. పైలట్ కూడా జీవశాస్త్రవేత్తే, నడుపుతూనే తన పక్క లెక్కిస్తాడు. ఒక్కొక్కరు తమ వైపు 200 మీటర్ల వెడల్పున్న పట్టీని మాత్రమే చూడాలి. అంతకు అవతల ఎంత అందమైన పక్షి కనిపించినా లెక్కలోకి రాదు. ఆ 200 మీటర్ల హద్దు తెలియడానికి కోణం కొలిచి రెక్క కింది ఊతకడ్డీ మీద టేపు ముక్క అంటిస్తారు. కంటికీ టేపుకీ నేలకీ కలిసే గీతే పొలిమేర.

ఇప్పుడు ఆ కుర్చీలో మీరు కూర్చున్నారనుకోండి. విమానం సెకనుకు 49 మీటర్లు పోతుంది. దాన్ని 200 మీటర్ల వెడల్పుతో గుణిస్తే ప్రతి సెకనుకూ మీ కళ్ల ముందు సుమారు రెండున్నర ఎకరాల నేల దొర్లిపోతుంది. ఆ సెకనులో పక్షిని చూడాలి, పోల్చుకోవాలి, ఎన్ని ఉన్నాయో ఎంచాలి, నోటితో చెప్పాలి. రాసుకోవడానికి తల దించితే నాలుగైదు ఎకరాలు చూడకుండానే పోతాయి కనుక కాగితం, కలం ఉండవు. "సూదితోక, ఒంటరి పోతు", "లూన్ (ఇదీ ఒక నీటిపక్షే), జత" అని మైకులో చెబితే, ఆ మాటనూ ఆ క్షణాన విమానం ఉన్న చోటునూ కంప్యూటర్ కలిపి భద్రం చేస్తుంది. సాయంత్రం రికార్డింగు విని పట్టికలోకి ఎక్కిస్తారు. జూన్‌లో అక్కడ సూర్యుడు అస్తమించడు కాబట్టి సాయంత్రం అన్నది గడియారం చూసుకుని అనుకునే మాటే.

ఇక పోల్చుకోవడం గురించి. దీనికి పక్షి బొమ్మల పుస్తకం బట్టీపట్టి వెళ్తే చాలదు, ఎందుకంటే పుస్తకాల్లో బొమ్మ పక్కనుంచి ఉంటుంది, ఇక్కడ చూసేది పైనుంచి. ఆ మైదానంలో రెండు ఐడర్ జాతులు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి కళ్లద్దాల ఐడర్. దాని పోతుకు పచ్చటి తల మీద కంటి చుట్టూ నల్లటి అంచున్న తెల్లని బిళ్ల ఉంటుంది, అచ్చం కళ్లజోడు పెట్టుకున్నట్టు. రెండోది కింగ్ ఐడర్. ఎదురుగా చూస్తే రెంటికీ పోలికే లేదు. కానీ పైనుంచి పోయేవాడికి కళ్లద్దాలు కనిపించవు, వీపు కనిపిస్తుంది. తెల్లటి వీపు అయితే కళ్లద్దాల ఐడర్, నల్లటి వీపు అయితే కింగ్ ఐడర్.

ఇదంతా పోతుల మాట. పెట్ట నిరుటి ఎండుగడ్డి రంగులో ఉండి, గుడ్ల మీద కదలకుండా కూర్చుంటుంది. 38 మీటర్ల ఎత్తునుంచి అది గడ్డే. అందుచేత లెక్క పోతుల మీద ఆధారపడుతుంది. మడుగులో ఒంటరిగా ఒక పోతు తేలుతూ కనిపిస్తే దాని పెట్ట దగ్గర్లో ఎక్కడో పొదుగుతున్నదని భావించి, ఆ ఒక్కదాన్ని రెండుగా లెక్కిస్తారు. ఇది ఊహ అనిపించవచ్చు గానీ, వాటి కాపురం తీరును ఏళ్ల తరబడి చూసి పెట్టుకున్న నియమం. జాతిని బట్టి ఇందులో మార్పులు ఉంటాయి. పెద్ద గుంపుగా తిరిగే పోతులను ఇలా రెట్టింపు చేయరు.

ఈ నియమం పనిచేయాలంటే వేళ తప్పకూడదు. మంచు కరిగే జూన్ మొదట్లో ఐడర్ జతలు సముద్రం మీదనుంచి లోపలికి వస్తాయి. పెట్ట పొదగడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే పోతు దాన్ని వదిలి తిరిగి సముద్రానికి వెళ్లిపోతుంది. జతలు వచ్చి స్థిరపడడానికీ పోతులు వెళ్లిపోవడానికీ మధ్య ఉన్న కొద్దిపాటి వ్యవధిలోనే విమానం ఎగరాలి. ముందు వెళితే అవి ఇంకా అక్కడ ఆగుతాయో, ఇంకా పైకి పోతాయో తెలియదు. ఆలస్యమైతే నేల నిండా గూళ్లున్నా కిటికీలోంచి ఒక్కటీ కనిపించదు. పంచాంగంలో తేదీ చూసి బయల్దేరితే కుదరదు, ఆ ఏడు మంచు ఎప్పుడు కరుగుతుందో చూసుకుని బయల్దేరాలి. ఈ సర్వేలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఈ ఎదురుచూపే.

నేను గణాంకశాస్త్రం చదువుతున్నాను. కనిపించనివాటి సంఖ్య తెలియనప్పుడు కనిపించినవాటి సంఖ్యకు విలువ ఏముంటుంది? (ఒక విద్యార్థి, హైదరాబాద్)

అసలు ప్రశ్న ఇదే. దీనికి ఒక దారి మా పత్రిక కార్యాలయంలోనే ఉంది. ఒకే ప్రూఫును ఇద్దరు వేర్వేరుగా, ఒకరిదొకరు చూసుకోకుండా దిద్దారనుకోండి. మొదటివారు 60 తప్పులు పట్టారు, రెండోవారు 50 పట్టారు, ఇద్దరికీ దొరికినవి 40. రెండోవారు పట్టిన 50లో 40 మొదటివారికీ దొరికాయి కాబట్టి మొదటివారి చూపు నూటికి 80 పాళ్లు. అలాంటి చూపుకు 60 దొరికితే మొత్తం తప్పులు 75 ఉండాలి. ఇద్దరూ కలిసి పట్టినవి 70 కనుక, ఎవరి కంటా పడనివి ఇంకో 5 ఉన్నాయని లెక్క తేలుతుంది. విమానంలో ఒకే వైపున ముందొకరు, వెనకొకరు కూర్చుని, ఒకరి మాట ఒకరికి వినపడకుండా లెక్కిస్తే ఇదే సూత్రం వర్తిస్తుంది.

అయితే మీరు చదువుతున్న శాస్త్రమే దీనిలోని లోపాన్నీ చెబుతుంది. కొన్ని తప్పులు ఎవరి కంటికైనా ఆనవు. అక్షరాలన్నీ సరిగ్గా ఉండి మాటే మారిపోయిన చోట ఇద్దరూ దాటిపోతారు. అలాగే గడ్డిలో ముడుచుకున్న పక్షి ఇద్దరికీ కనిపించదు, అందువల్ల ఈ పద్ధతి కూడా ఉన్నదానికన్నా తక్కువే చెబుతుంది. దానికి విరుగుడుగా కొన్ని చోట్ల అవే పట్టీలను హెలికాప్టర్‌తో మెల్లగా తిరిగి చూసి, విమానం ఎన్నిటిని వదిలేస్తున్నదో జాతివారీగా ఒక గుణకం కడతారు. దక్షిణాన దారులున్న మైదానాల్లో ఆ పని నేల మీద నడిచేవాళ్లే చేస్తారు.

ఇంత చేసినా వచ్చిన అంకెను అక్కడి శాస్త్రవేత్తలు చాలా సందర్భాల్లో జనాభా అనరు, సూచీ అంటారు. నా అభిప్రాయంలో వాళ్ల పని నమ్మదగినది కావడానికి ఈ నిజాయితీ ఒక పెద్ద కారణం. ఒకే ఎత్తున, ఒకే వేగంతో, ఒకే వెడల్పులో, అదే ఋతువులో ఏటేటా తీసిన సూచీ పడిపోతూ ఉంటే, అసలు సంఖ్య తెలియకపోయినా, కింద ఏదో జరుగుతున్నదని తెలుస్తుంది. అందుకే పరిశీలకుడు మారినప్పుడు ఆ సంగతీ నమోదు చేస్తారు, ఎందుకంటే కొత్త కన్ను వస్తే పక్షులు తగ్గకుండానే అంకె తగ్గవచ్చు. ఏమీ కనిపించని పట్టీకి కూడా పట్టికలో వరుస ఉంటుంది, అందులో సున్నా ఉంటుంది.

అంకె పెరిగినా సంతోషించడానికి తొందరపడకూడదు. కెనడా, అమెరికాల గడ్డిమైదానాల్లో వానలు లేక గుంటలు ఎండిన ఏడు, అక్కడ గుడ్లు పెట్టవలసిన సూదితోక బాతులు ఇంకా ఉత్తరానికి ఎగిరిపోయి టండ్రాలో దిగుతాయి. ఆ ఏడు అలాస్కా లెక్కలో వాటి సంఖ్య పెరిగి కనిపిస్తుంది. టండ్రా ఒక్కదాన్నే చూసినవాడు బాతులు వృద్ధి అయ్యాయనుకుంటాడు, నిజానికి అది దక్షిణాన పడిన కరువుకు గుర్తు. రెండు దేశాలూ కలిసి 1955 నుంచి ఒకే పద్ధతిలో గడ్డిమైదానాలనూ ఉత్తరాది అడవులనూ అలాస్కానూ కలిపి సర్వే చేస్తున్నది ఇలాంటి పొరపాటు జరగకూడదనే. ఆ వరుస కోవిడ్ వల్ల 2020, 2021 సంవత్సరాల్లో తెగింది. ఆ రెండు ఖాళీ గడులు చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ఎండిన గుంటను వచ్చే ఏడు మళ్లీ కొలవవచ్చు గాని, గడిచిపోయిన జూన్ నెలను ఎవరూ లెక్కించలేరు.

అంత కిందుగా పోయే విమానం మోతకు పొదిగే పక్షులు బెదిరి లేచిపోవా? (ఒక పాఠకురాలు, ఒంగోలు)

కొన్ని లేస్తాయి. విమానం ఒక చోటును దాటడానికి కొన్ని సెకన్లే పడుతుంది కనుక, పొదిగే పెట్టల్లో చాలామటుకు అలాగే అణిగి కూర్చుంటాయి. నేల మీద మనిషి నడిచి గూళ్లు వెతికితే కలిగే నష్టమే ఎక్కువ, ఎందుకంటే లేచిన పెట్ట తిరిగి వచ్చేలోగా నక్కలూ సముద్రపు కాకులూ గుడ్లు ఎత్తుకుపోతాయి. అయితే ఈకలు రాలి ఎగరలేని స్థితిలో చెరువుల్లో చేరే పెద్దబాతుల విషయం వేరు, వాటి మీదుగా హెలికాప్టర్లు తిరగడం మంచిది కాదు.

అపాయం మనుషులకే ఎక్కువ. అమెరికాలో 1937 నుంచి 2000 దాకా వన్యప్రాణుల ఉద్యోగాల్లో పనిచేస్తూ చనిపోయినవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది విమాన ప్రమాదాల్లోనే పోయారు. తక్కువ ఎత్తున ఇంజన్ ఆగినా, సముద్రం మీదనుంచి పొగమంచు కమ్మినా తేరుకోవడానికి వ్యవధి ఉండదు.

ఇంత ఖర్చు, ఇంత అపాయం దేనికి? లెక్క తెలిసినంత మాత్రాన పక్షులు బతుకుతాయా? (విశ్రాంత ఉద్యోగి, కాకినాడ)

లెక్క వల్ల బతికిన జాతుల్లో ఒకదాని సంగతి చెబుతాను. పడమటి అలాస్కాలో యూకాన్, కస్కోక్విమ్ నదులు సముద్రంలో కలిసేచోట పెద్ద డెల్టా ఉంది. మన గోదావరి డెల్టాలాగే పల్లపు నేల, కానీ వరి బదులు తుంగగడ్డి. అక్కడ తరతరాలుగా ఉంటున్న యూపిక్ ప్రజలకు చలికాలం దాటాక దొరికే మొదటి తాజా మాంసం వసంతంలో వచ్చే పెద్దబాతులే. 1980ల నాటికి నాలుగు రకాల పెద్దబాతులు బాగా తగ్గిపోయాయి. వాటిలో కొన్ని రకాలను చలికాలంలో దక్షిణాన కాలిఫోర్నియాలో వేటగాళ్లు కూడా కొడుతున్నారు. తప్పు మీదంటే మీదని వాదించుకునే బదులు, 1984లో హూపర్ బే అనే గ్రామం పేరుతో ఒక ఒడంబడిక కుదిరింది. ఉత్తరాన యూపిక్ గ్రామాలు, దక్షిణాన వేటగాళ్లు, ప్రభుత్వాలు కలిసి వేట తగ్గించుకున్నాయి. ఆ మరుసటి ఏడు, అంటే 1985లో, డెల్టా తీరంలో విమాన సర్వే మొదలైంది. ఒప్పుకున్న త్యాగానికి ఫలితం ఉందా లేదా అన్నది అందరూ చూడగలిగింది ఆ అంకెల్లోనే. వాటిలో ఎంపరర్ గూస్ అనే పెద్దబాతు వేటను 1980ల్లో పూర్తిగా ఆపేసి, సంఖ్య కోలుకున్నాక 2017లో మళ్లీ అనుమతించారు. ఇప్పుడు ఆ డెల్టా వేసవి సూచీ 23 వేలకు దిగితే వేట మళ్లీ ఆగుతుంది. ఆ గీత ఎక్కడ ఉండాలన్నది అక్కడి గ్రామాలవారూ కూర్చుని ఒప్పుకున్నదే.

అదే డెల్టాలో కళ్లద్దాల ఐడర్ కథ అంత సుఖంగా లేదు. 1970ల నుంచి 1990ల తొలినాళ్లకు అక్కడ గూళ్లు పెట్టే జతలు నూటికి 96 పాళ్లు తగ్గాయి. 1993లో దాన్ని ముప్పున్న జాతుల జాబితాలో చేర్చారు. మడుగుల అడుగున పడి ఉన్న సీసపు తూటా గుండ్లను మింగి కొన్ని చనిపోతున్నాయని తేలింది. చలికాలంలో అవి ఎక్కడికి పోతాయో అప్పటికి ఎవరికీ తెలియదు. చివరికి కొన్నిటికి ఉపగ్రహ సంకేతాలు పంపే పరికరాలు అమర్చి, ఆ సంకేతం వచ్చిన చోటికి 1995లో విమానంలో వెళ్లి చూస్తే, బేరింగ్ సముద్రం మధ్య, కనుచూపు మేర పరచుకున్న మంచులో, కొద్దిపాటి నీటి పగుళ్లలో వేలకువేలు కిక్కిరిసి ఉన్నాయి. తరువాత ఫోటోలు తీసి లెక్కిస్తే మూడు లక్షలు దాటాయి. వాటిలో అత్యధిక భాగం గుడ్లు పెట్టేది రష్యా టండ్రాలో. జాతి మొత్తం అంతరించబోతున్నదన్న భయం పూర్తిగా నిజం కాదని అప్పుడు తెలిసింది, కానీ డెల్టా పక్షుల నష్టం మాత్రం నిజం. రెండూ ఒకేసారి నిజం కావచ్చని వేసవి లెక్క, చలికాలపు లెక్క పక్కపక్కన పెట్టినప్పుడే కనిపించింది.

డ్రోన్లు, ఉపగ్రహాలు ఉండగా మనుషులు ఎందుకు? మన కొల్లేరును కూడా ఇలా విమానంలోంచి లెక్కించకూడదా? (ఒక ఇంజనీరు, విజయవాడ)

ఉపగ్రహ చిత్రంలో తెల్లని మంచు మీద పెంగ్విన్ల కాలనీ మరక కనిపిస్తుంది, ఎండుగడ్డిలో ఒంటరి గోధుమరంగు బాతు కనిపించదు. చిన్న డ్రోన్లు వేల కిలోమీటర్ల రేఖలు ఎగరలేవు. ఆశ కలిగించేది మామూలు విమానానికే కెమెరాలు బిగించి, ఇంకా ఎత్తునుంచి ఫోటోలు తీసి, వాటిలో పక్షులను కంప్యూటర్‌తో గుర్తింపజేసే పద్ధతి. దానివల్ల మనుషులకు అపాయం తగ్గుతుంది, అనుమానం వచ్చిన చోట ఫోటోను మళ్లీ చూసుకోవచ్చు. అయితే పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ కొన్నేళ్లు పక్కపక్కన నడిపి పోల్చకపోతే, దశాబ్దాల వరుస అక్కడితో తెగిపోతుంది.

కొల్లేరుకు విమానం అవసరం లేదు. మన దగ్గర చలికాలపు పక్షులు చెరువుల్లో గుంపులుగా చేరతాయి, గట్టు ఉంది, పడవ ఉంది. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతున్నది, అందులో ఆసక్తి ఉన్న ఎవరైనా పాల్గొనవచ్చు. కొల్లేరులో దిగిన సూదితోక ఏ టండ్రా మడుగు పక్కన పుట్టిందో దాని మొహం చూసి చెప్పలేం కాబట్టి, మన లెక్క అక్కడి లెక్కకు బదులు కాదు. దానికి రెండో చివర. మీ ఊరి చెరువును ఎంచుకుంటే ప్రతి జనవరిలో అదే గట్టు మీద, పొద్దున అదే వేళకు, అంతే సేపు నిలబడి లెక్కించండి. ఏ ఏడైనా ఒక్క బాతూ దిగకపోతే ఆ తేదీ ఎదురుగా సున్నా వేసి పంపండి.